బోరాబోరాలో ఓడ ఆగేది ఒక్క పగలే అయితే

పసిఫిక్ మహాసముద్రంలో, ఫ్రెంచ్ పాలినేషియాకు చెందిన చిన్న దీవి బోరాబోరా. ఇక్కడ క్రూజ్ ఓడ గట్టుకు ఆనుకుని నిలవదు. దీవి చుట్టూ ఉన్న పగడపు దిబ్బల వలయానికి పడమటి వైపు తేవనూయి అనే సందు ఉంది. పెద్ద ఓడలకు దారి అదొక్కటే. అందులోంచి లోపలికొచ్చి, దిబ్బలకూ దీవికీ నడుమ ఉన్న నీటిలో, అంటే లగూన్‌లో లంగరేస్తుంది. అక్కణ్ణుంచి వైతాపే ఊరి జెట్టీకి జనాన్ని చిన్న పడవల్లో దింపుతారు. వీటినే టెండర్లంటారు. మీ రోజు ఎలా గడవాలో ఈ టెండర్లే తేలుస్తాయి. కాబట్టి ప్లాను చివరి టెండర్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి వేసుకోండి.

ఓడ ఉదయం 8కి లంగరేసి సాయంత్రం 5కి కదులుతుందనుకుందాం. చివరి టెండర్ సాధారణంగా అరగంట ముందు, అంటే 4.30కి. దానికోసం ఎండలో పొడవాటి వరుస ఉంటుంది గనక 3.30కల్లా జెట్టీ చేరాలి. పొద్దున ఓడవాళ్ల సొంత టూర్లు కొన్నవాళ్లను ముందు దింపుతారు, మిగతావాళ్లకు నంబరు చీటీలు. మీ కాలు గట్టున పడేసరికి 9.30 అవుతుంది. కాగితం మీద కనిపించిన తొమ్మిది గంటల్లో చేతికొచ్చేవి ఆరే. అందుకే లగూన్ టూరో, మతీరా బీచో, ఏదో ఒకటి తేల్చుకోండి. రెండూ చూద్దామని బయల్దేరితే రోజంతా వ్యాన్ల కోసం నిలబడటంతోనే సరిపోతుంది.

బయటి టూరు బుక్ చేసుకుంటే ధర తక్కువ, పడవలో జనమూ తక్కువ. అయితే 10కి మొదలై 2కి ముగిసేదే తీసుకోండి. డబ్బు కట్టేముందు రెండు సంగతులు రాతపూర్వకంగా అడగండి: వైతాపే జెట్టీ దగ్గరే ఎక్కించుకుంటారా, గాలి ఎక్కువై ఓడ ఆగకుండా వెళ్లిపోతే డబ్బు తిరిగిస్తారా? జూన్ నుంచి ఆగస్టు దాకా మారాము అనే ఆగ్నేయపు గాలి వీచినప్పుడు టెండర్లు ఆలస్యం కావడం మామూలే. ఓడవాళ్ల టూరు ఆలస్యమైతే ఓడ మీకోసం ఆగుతుంది, బయటి టూరు ఆలస్యమైతే ఆగదు. ఓడ తప్పితే కష్టం కూడా పెద్దదే. విమానాశ్రయం మోటు మ్యూట్ అనే వేరే చిన్న దీవి మీద ఉంది. పడవలో అక్కడికెళ్లి, సుమారు 50 నిమిషాలు ఎగిరి, తాహితీ దీవిలోని రాజధాని పపీటే చేరి, అక్కణ్ణుంచి ఓడను పట్టుకోవాలి.

వీసా సంగతి టికెట్ కొనకముందే చూసుకోండి. ఫ్రెంచ్ పాలినేషియా ఫ్రాన్స్ ఏలుబడిలోనిదే అయినా షెంగెన్ (ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల) ప్రాంతం కాదు. 'షెంగెన్ స్టాంపు ఉంది కదా' అని భారత పాస్‌పోర్టుతో వెళ్లి చెక్ఇన్ కౌంటర్‌లోనే ఆగిపోవచ్చు. అమెరికాలో ఉండే తెలుగువాళ్ల ఇళ్లలో ఒకరిది అమెరికా పాస్‌పోర్టు, ఇంకొకరిది భారత పాస్‌పోర్టు కావడం మామూలే. అమెరికా పౌరులు 90 రోజుల దాకా వీసా లేకుండా ఉండొచ్చు. పక్కన కూర్చున్న గ్రీన్‌కార్డు బంధువుకు అదే వర్తిస్తుందనుకోవద్దు. ఎవరి పాస్‌పోర్టు సంగతి వారిదిగా ఫ్రెంచ్ కాన్సులేట్‌ను అడగండి.

డబ్బు పసిఫిక్ ఫ్రాంకుల్లో. ఒక యూరోకు 119.33 ఫ్రాంకులు, ఈ రేటు మారదు. మారేది యూరోకీ డాలరుకీ మధ్య రేటే. ధరలో చివరి రెండు సున్నాలు తీసేస్తే ఉజ్జాయింపుగా డాలర్లనుకోండి, అసలు లెక్క సాధారణంగా అంతకంటే కొంచెం తక్కువే ఉంటుంది. పెద్ద దుకాణాల్లో కార్డు చెల్లుతుంది. రోడ్డు పక్క పళ్లకూ, చిన్న వ్యాన్లకూ నోట్లు కావాలి. వైతాపేలో ఏటీఎంలున్నాయి గానీ ఓడ ఆగిన రోజు వాటి ముందూ వరుసే. పపీటేలో ఓడ ఎక్కేవాళ్లు అక్కడే తీసుకోవడం నయం. టిప్పు ఇచ్చే అలవాటు ఇక్కడ లేదు. బేరమాడటం బాగుండదు. ఆదివారం పడితే చాలా దుకాణాలు మూసేస్తారు, మామూలు రోజుల్లోనూ మధ్యాహ్నం భోజనానికి కొన్ని మూతపడతాయి.

మతీరా బీచ్ దీవి దక్షిణపు కొసన, వైతాపేకు ఆరేడు కిలోమీటర్ల దూరంలో ఉంది. ప్రవేశ రుసుము లేదు. నడిస్తే ఎండలో గంటన్నర, కాబట్టి వ్యాన్ మాట్లాడుకోండి. తిరిగి ఏ వేళకు వస్తాడో దిగేముందే ఖాయం చేసుకోండి. దీవి చుట్టూ రోడ్డు 32 కిలోమీటర్లే, చాలావరకు చదును. సైకిలు అలవాటున్నవాళ్లు దిగగానే మొదలుపెడితే తిరిగిరావచ్చు. నడుమ నిలబడ్డ ఓటెమాను కొండ (727 మీటర్లు) మాత్రం చూడ్డానికే. పైన రాయి పెళుసు, శిఖరానికి దారి లేదు.

ఇక నీళ్లలోకి దిగడం గురించి. కాకినాడలోనో భీమిలిలోనో పోటు రోజూ దాదాపు 50 నిమిషాలు వెనక్కి జరుగుతూ చంద్రుణ్ణి అనుసరిస్తుంది. ఇక్కడ అలా కాదు. చంద్రుడి వల్ల వచ్చే పోటు ఈ దీవుల దగ్గర దాదాపు శూన్యం, సూర్యుడిదే మిగులుతుంది. అందుకే ఏ రోజైనా పోటు మధ్యాహ్నం, అర్ధరాత్రి వేళల్లో, పాటు ఉదయం, సాయంత్రం ఆరు ప్రాంతాల్లో. తేడా అడుగు లోపే. అయినా లోతు తక్కువున్న పగడాల మీద ఈదేటప్పుడు ఆ అడుగే మోకాలి చర్మాన్ని కాపాడుతుంది. మతీరా వైపు స్నార్కెల్ (కళ్లకు మాస్కు, నోటికి ఊపిరి గొట్టం) వేసేవాళ్లు 11 నుంచి 1 మధ్య దిగడం మేలు. ఎండ మండే వేళ కూడా అదే. అందుకని క్రీముతో సరిపెట్టుకోక, పొడుగు చేతుల లైక్రా చొక్కా వేసుకోండి. పగడాలకు చేటని చెప్పే ఆక్సీబెంజోన్ కలిసిన సన్‌స్క్రీన్ బాధా తగ్గుతుంది. కాటన్ చుడీదార్ తడిస్తే బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటుంది, వద్దు.

మాస్కులోకి నీళ్లు కారుతున్నాయంటే, మనవాళ్ల విషయంలో కారణం ఎక్కువగా మీసమే. ముక్కు కింద సన్నని గీత మేర గొరిగితే ఆగుతుంది. గొరగడం ఇష్టం లేకపోతే సిలికాన్ గ్రీజు పలచగా రాయండి. తలకు కొబ్బరినూనె పెట్టుకుని దిగితే అది నుదుటికి జారి మాస్కు పట్టు తప్పుతుంది. కళ్లజోడుతో మాస్కు పట్టదు, పవరున్న మాస్కు ముందే కొనుక్కోండి. ఈత రానివాళ్లు లైఫ్ జాకెట్‌తో తేలుతూ చూడొచ్చు. ఆ మాట పడవవాడికి ఎక్కగానే చెప్పాలి, నీళ్లలో దిగాక కాదు.

లగూన్ టూరులో టేకు చేపలూ (స్టింగ్‌రేలు), రెక్క కొసన నల్లమచ్చ ఉండే సొరలూ చుట్టూ తిరుగుతాయి. పాదాలెత్తి వేయకుండా ఇసుకలో ఈడుస్తూ నడవండి, ఆ కదలికకే టేకు చేప తప్పుకుంటుంది. తొక్కితేనే ముల్లు దింపుతుంది. రాళ్లున్న చోట గట్టి అట్ట ఉన్న నీటి చెప్పులు తప్పనిసరి. నోహూ అనే రాతిచేప అచ్చం రాయిలా పడుంటుంది. దాని ముల్లు గుచ్చుకుంటే, చర్మం కాలనంత వేడి నీళ్లలో (40–45 డిగ్రీలు) పాదం ముంచి ఉంచాలి, ఆ విషం వేడికి చెడుతుంది. అలా ముంచి ఉంచుతూనే వెంటనే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. ఐసు పెట్టొద్దు.

భోజనానికి ఇయా ఒటా అని పచ్చి ట్యూనా ముక్కలకు నిమ్మరసం, కొబ్బరిపాలు కలిపి ఇస్తారు. శాకాహారులు ఫ్రెంచ్‌లో 'సాఁ వియాఁద్, సాఁ ప్వాసోఁ' (మాంసం వద్దు, చేప వద్దు) అని రెండూ విడివిడిగా చెప్పాలి. ఒకటే చెబితే రెండోది వస్తుంది. ఓడ నుంచి పళ్లు, వండిన పదార్థాలు గట్టుకు దింపొద్దు, పులిహోర పొట్లమైనా సరే.

నల్ల ముత్యాల దుకాణాలు ఉచిత వ్యాన్ పెడతాయి. ఎక్కొచ్చు గానీ అది ముందు ఆగేది దుకాణం దగ్గరే. కొనేవాళ్లు ముత్యాన్ని లైటు కింద కాక గుమ్మం బయట పగటి వెలుగులో తిప్పి చూసి, గుంటలు, మచ్చలు పరీక్షించుకుని, బిల్లూ ధ్రువపత్రమూ తీసుకోండి. బీచ్‌లో దొరికిన పగడపు ముక్కలూ, పెద్ద ఆల్చిప్పలూ సంచిలో వేసుకోవద్దు. అనుమతి పత్రం లేకుండా వాటిని దేశాలు దాటించడం నేరం.

ఇంటికి ఫోన్ చేయాలంటే ఇక్కడి గడియారం మనకంటే పదిహేనున్నర గంటలు వెనక. ఉదయం 8కి ఫోన్ చేస్తే అక్కడ రాత్రి 11.30. మార్కెసాస్ దీవుల మీదుగా వచ్చే ఓడైతే మరో అరగంట తేడా ఉంటుంది. దిగేముందు టెండర్ తలుపు దగ్గర రాసిపెట్టిన వేళకు మీ చేతి గడియారం సరిచూసుకోండి. ఓడ కదిలేది ఆ గడియారం ప్రకారమే, మీ ఫోన్‌ది కాదు.