గుణింతం, ఒత్తులు, పదులు: ఈ వారం పాఠాన్ని ఇంట్లో చదివించే తీరు

ఒకటి, రెండు తరగతుల పిల్లల నోటుపుస్తకాలు తెరిస్తే ఈ రోజుల్లో ఎక్కువగా కనిపించేవి మూడు: గుణింతాలు, ఒత్తులు, రెండంకెల సంఖ్యలు. కేంద్ర ప్రభుత్వం 2021 జులై 5న ప్రారంభించిన నిపుణ్ భారత్ కార్యక్రమం మూడో తరగతి పూర్తయ్యేలోగా ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవాలని, ఒకటో తరగతి ముగిసేసరికి 99 వరకు, రెండో తరగతి ముగిసేసరికి 999 వరకు సంఖ్యలను చదివి రాయగలగాలని లక్ష్యంగా పెట్టుకుంది. ఇది బడి ఒక్కటే మోయవలసిన పని కాదు. పొలం పనికో, కూలికో, అంగడికో వెళ్లి పొద్దుగూకిన తర్వాత ఇంటికి చేరే తల్లిదండ్రులు కూడా రోజుకు పావుగంట కేటాయించగలిగితే ఆ వారం పాఠం బిడ్డకు నిలుస్తుంది.

ముందుగా, బడిలో ఏ పాఠం నడుస్తున్నదో తెలుసుకోవాలి. “ఈరోజు ఏం చెప్పినారు?” అని అడిగితే చాలామంది పిల్లలు “ఏమీ చెప్పలేదు” అంటారు. దానికి బదులు నోటుపుస్తకంలో చివరిగా రాసిన పేజీని తెరిచి, “ఇది నాకు నేర్పించు నాయనా” అని అడగండి. బిడ్డ ఎక్కడ తడబడుతున్నాడో ఆ రెండు నిమిషాల్లోనే తెలిసిపోతుంది. మన ఆంధ్రప్రదేశ్ లెక్కల పుస్తకాల్లో ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లీషు ఉంటాయి కాబట్టి ఇంగ్లీషు రాని తల్లిదండ్రులు లెక్కల పాఠాన్ని తెలుగు పేజీ చూసి చెప్పవచ్చు. అందుకు వెనుకాడవలసిన అవసరం ఏమీ లేదు.

గుణింతం విషయంలో ఒక జాగ్రత్త చాలా ముఖ్యం. “క కా కి కీ” అని గడగడా అప్పజెప్పే బిడ్డకు గుణింతం వచ్చిందని మనం సంతోషిస్తాము, కానీ మధ్యలో ‘కొ’ మీద వేలు పెట్టి ఇదేమిటని అడిగితే మళ్లీ మొదటి నుంచి పాడుకుంటూ వస్తే తప్ప చెప్పలేని పిల్లలు ఎందరో ఉంటారు. వారికి వరుస వచ్చింది గానీ గుర్తులు ఇంకా రాలేదు. కాబట్టి వరుసగా చదివించడం ఒక్కసారికే పరిమితం చేసి, ఆ తర్వాత అక్షరాలను చీటీల మీద రాసి కలిపివేసి, ఒక్కొక్కటీ తీయించి చదివించాలి. దీర్ఘం, గుడి, కొమ్ము, ఎత్వం, ఒత్వం అనే గుర్తుల పేర్లు కూడా బిడ్డ చేత పలికించండి. పేరు తెలిస్తే తప్పును తానే దిద్దుకుంటాడు. రాయించేటప్పుడు ‘పు’, ‘వు’ అక్షరాలను దగ్గరుండి చూడాలి. ‘ప’, ‘వ’లకు ఇచ్చే కొమ్మును కిందికి దించి రాయాలి. అలా దించకపోతే ‘వు’ కాస్తా ‘మ’ లాగా కనిపిస్తుంది, ఆ రెంటికీ తేడా తెలియక బిడ్డ చదవడంలోనూ తికమకపడతాడు.

ఒత్తులు నేర్పడానికి ఆర్టీసీ బస్సుల బోర్డుల కంటే మంచి సాధనం నాకు తెలియదు. అనంతపురం బస్టాండులో పది నిమిషాలు నిలబడితే సులువైన మాట నుంచి కష్టమైన మాట వరకు అన్నీ కళ్ల ముందుకు వస్తాయి. ‘కదిరి’లో ఒత్తు లేదు, గుడి ఒక్కటే ఉంది కనుక అక్కడ మొదలుపెట్టండి. ‘పెనుకొండ’లో ఎత్వం, కొమ్ము, ఒత్వం, సున్న ఒకేచోట దొరుకుతాయి. అది చదవగలిగితే గుణింతం బాగా పట్టుబడినట్లే. తర్వాత ‘గుత్తి’ చూపించండి, ఇక్కడ తకారానికి తకారమే ఒత్తుగా వచ్చింది. ఒక హల్లుకు అదే హల్లు ఒత్తుగా వచ్చే ఇటువంటి మాటలు (అమ్మ, అన్న, పిల్లి, బుడ్డలు) బాగా వచ్చిన తర్వాతే ‘తాడిపత్రి’, ‘ధర్మవరం’ వంటి, వేరే హల్లు ఒత్తుగా వచ్చే మాటలకు వెళ్లాలి. ఈ క్రమాన్ని తప్పించి రెండు రకాలనూ ఒకేరోజు ముందు పెడితే బిడ్డ బెదిరిపోతాడు. గ, డ, ద వంటి అక్షరాల ఒత్తులు తలకట్టు తీసేసిన అక్షరం లాగానే ఉంటాయి గనుక ఊహించి చెప్పవచ్చు, కానీ త, న, మ, య, ర, ల ఒత్తుల రూపమే వేరు కనుక వాటిని విడిగా గుర్తుపెట్టించాలి. రోజుకు ఒక్క ఒత్తు చాలు.

లెక్కల్లో ఈ వయసు పిల్లలకు అసలైన మెట్టు పదులు, ఒకట్లు. ముప్పై ఐదు రాయమంటే 305 అని రాసే పిల్లలు తెలివితక్కువవారు కారు. వినిపించిన ముప్పైని 30గా రాసి, దాని పక్కన 5 పెడుతున్నారు, అంతే. ఇక్కడ కోప్పడితే ఉపయోగం ఉండదు. పొరకపుల్లలు తీసుకుని పదేసి చొప్పున కట్టలు కట్టించండి. మూడు కట్టలు ఒకవైపు, ఐదు విడిపుల్లలు మరోవైపు పెట్టి, కట్టల లెక్క ఎడమవైపు, విడిపుల్లల లెక్క కుడివైపు రాయమనండి. విడిపుల్లలు లేని ముప్పైకి కుడివైపు ఏమి రాయాలని అడిగితే సున్న ఎందుకు వస్తుందో బిడ్డే చెబుతాడు. కట్టలు కట్టడం మాత్రం బిడ్డ చేతులతోనే జరగాలి, మీరు కట్టి ఇస్తే సగం పాఠం పోయినట్లే. తీసివేతలో ‘అప్పు తెచ్చుకోవడం’ దగ్గర కూడా ఇదే పద్ధతి పనికివస్తుంది, ఎందుకంటే 32 నుంచి 5 తీయాలంటే ఒక కట్ట విప్పక తప్పదు.

ఇంగ్లీషులో సంఖ్యలు చెప్పే పిల్లలకు మరో చిక్కు ఉంది. ‘ఫోర్టీన్’లో నాలుగు ముందు వినిపిస్తుంది కనుక 41 అని రాస్తారు, పైగా ‘ఫార్టీ’తో కలిపేసుకుంటారు. అటువంటప్పుడు పద్నాలుగు అని తెలుగులో చెప్పించి, ఒక కట్ట, నాలుగు పుల్లలు పెట్టించి, ఆ తర్వాత ఇంగ్లీషు మాట చెప్పించాలి.

ఇంట్లో ఉర్దూ మాట్లాడేవారు, మడకశిర, రాయదుర్గం వైపు కన్నడం మాట్లాడేవారు, తండాల్లోని సుగాలీ కుటుంబాలవారు బిడ్డ చదువు కోసం ఇంటి భాష మానుకోవలసిన పని లేదు. పుల్లల కట్టలను ఏ భాషలో లెక్కపెట్టినా పది పదే. అర్థం ఇంటి భాషలో చెప్పి, పాఠంలోని మాటను తెలుగులో చదివించండి.

శనివారం నాటికి బిడ్డకు ఇంకా పట్టుబడని అక్షరాలనో, సంఖ్యలనో ఒక చిన్న కాగితం మీద రాసి సోమవారం టీచరుకు పంపండి. “మావాడు చదవడం లేదు” అన్న మాట కంటే “న ఒత్తు, ల ఒత్తు గుర్తుపట్టలేకపోతున్నాడు” అన్న మాట వారికి ఎంతో సహాయపడుతుంది. రాయడం రాని తల్లిదండ్రులు నోటుపుస్తకంలో ఆ అక్షరాల పక్కన పెన్సిలుతో చుక్క పెట్టి పంపినా సరిపోతుంది.