మ్యాట్రిక్స్ సర్వర్‌ను ఆన్సిబుల్‌తో ఎక్కించే ముందు సర్టిఫికెట్ల విషయంలో జాగ్రత్తలు

మ్యాట్రిక్స్ చాట్ సర్వర్ సాఫ్ట్‌వేర్ అయిన సినాప్స్‌ను ఆన్సిబుల్ ప్లేబుక్‌తో (సర్వర్‌ను దానంతట అదే అమర్చే స్క్రిప్ట్) నడిపేవాళ్లకు సర్టిఫికెట్ దెబ్బ మొదటి రోజున తగలదు, తొంభయ్యో రోజున తగులుతుంది. ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ మామూలుగా ఇచ్చే గడువు 90 రోజులు. 30 రోజులు మిగిలి ఉండగానే సర్ట్‌బాట్ అనే ప్రోగ్రామ్ కొత్తది తెచ్చి డిస్కు మీద పెడుతుంది. అయినా వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్ మాత్రం మొదలైనప్పుడు మెమరీలోకి చదువుకున్న పాతదాన్నే చూపిస్తూ ఉంటుంది. లాగులో అంతా విజయమే, ఫోన్లలో మాత్రం ఎలిమెంట్ చాట్ యాప్ కనెక్ట్ కాదు. అందుకే సర్ట్‌బాట్ డిప్లాయ్ హుక్‌లో (కొత్త సర్టిఫికెట్ రాగానే నడిచే స్క్రిప్ట్) ఎన్‌జిన్‌ఎక్స్ రీలోడ్ తప్పకుండా ఉండాలి. రీస్టార్ట్ అక్కర్లేదు, రీలోడ్ చాలు. సినాప్సే నేరుగా టీఎల్‌ఎస్ (ఎన్‌క్రిప్షన్) చూసుకుంటుంటే దానికి సిగ్‌హప్ సిగ్నల్ పంపాలి.

మొదటి రన్‌కు ముందే పేర్లు తేల్చుకోండి. యూజర్ ఐడీలు ఎగ్జాంపుల్.కామ్ మీద, సర్వర్ మ్యాట్రిక్స్.ఎగ్జాంపుల్.కామ్ మీద ఉన్నాయనుకుందాం. వెల్-నోన్ ఫైలుతో (అసలు సర్వర్ ఎక్కడుందో ఎగ్జాంపుల్.కామ్ వెబ్‌సైట్‌లో చెప్పే ఫైలు) డెలిగేట్ చేస్తే సర్వర్ చూపించాల్సిన సర్టిఫికెట్ మ్యాట్రిక్స్.ఎగ్జాంపుల్.కామ్ పేరుతో ఉండాలి. అదే సంగతి చెప్పే డీఎన్‌ఎస్ ఎస్‌ఆర్‌వీ రికార్డుతో డెలిగేట్ చేస్తే మాత్రం ఎగ్జాంపుల్.కామ్ పేరుతోనే ఉండాలి. ఈ రెండూ తారుమారైతే లోపలి చాట్ బాగానే నడుస్తుంది, బయటి సర్వర్లతో ఫెడరేషన్ (సందేశాల మార్పిడి) మాత్రం ఆగిపోతుంది. పైగా వెల్-నోన్ ఫైలును కూడా అవతలి సర్వర్లు హెచ్‌టీటీపీఎస్ మీదే తెచ్చుకుంటాయి కాబట్టి, ఎగ్జాంపుల్.కామ్ వెబ్‌సైట్ వేరే మెషీన్‌లో ఉన్నా దాని సర్టిఫికెట్ కూడా బతికి ఉండాలి. వెల్-నోన్ జవాబును మామూలుగా 24 గంటలు క్యాష్ చేస్తారు. కనుక ఇవాళ చేసిన తప్పు రేపు బయటపడుతుంది.

ప్లేబుక్‌ను పదేపదే పరీక్షించే దశలో లెట్స్ ఎన్‌క్రిప్ట్ పరీక్షల కోసం పెట్టిన స్టేజింగ్ సర్వర్‌నే వాడండి. అసలు సర్వర్‌లో ఒకే పేర్ల జాబితాకు 7 రోజుల్లో 5 సర్టిఫికెట్లే ఇస్తారు. ఒక పేరుకు గంటలో 5 సార్లు ధ్రువీకరణ తప్పితే కాసేపు తలుపు మూసేస్తారు. వీపీఎస్‌ను (అద్దె సర్వర్) కూలగొట్టి మళ్లీ కట్టే అలవాటున్నవాళ్లు ఒక్క మధ్యాహ్నంలోనే ఆ అయిదూ ఖర్చు చేసేయగలరు. సర్టిఫికెట్ల ఫోల్డర్‌ను కంటెయినర్ బయట వాల్యూమ్‌లో పెట్టండి, వీపీఎస్‌ను తుడిచేముందు దానికి బ్యాకప్ తీసుకోండి. ట్రాఫిక్ (Traefik) అనే ప్రాక్సీ వాడేవాళ్లకు ఇంకో చిక్కుంది. స్టేజింగ్ చిరునామా తీసేసి అసలుది పెట్టినా, ఆక్మే.జేసన్ ఫైలులో పాత పరీక్ష సర్టిఫికెట్ అలాగే ఉంటుంది కనుక అది కొత్తదాన్ని అడగదు. ఆ ఫైలును పక్కకు జరిపి ట్రాఫిక్‌ను మళ్లీ మొదలుపెట్టాలి. దాని పర్మిషన్ 600 ఉండాలి, లేకపోతే ట్రాఫిక్ ఆ ఫైలును ముట్టుకోదు.

డొమైన్ మీదేనని నిరూపించే హెచ్‌టీటీపీ-01 పద్ధతికి 80 పోర్టు తెరిచి ఉండాలి, అదీ ప్రపంచమంతటికీ. లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఒకేసారి పలుచోట్ల నుంచి తనిఖీ చేస్తుంది. భారత్ ఐపీలను మాత్రమే అనుమతించే ఫైర్‌వాల్ పెట్టుకుంటే తనిఖీ తప్పుతుంది. పాత ఏఏఏఏ రికార్డు (ఐపీవీ6 చిరునామా) మరిచిపోయి ఉంటే లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఐపీవీ6 దారినే ముందు తడుతుంది, కాబట్టి ఆ రికార్డు సరిచేయండి లేదా తీసేయండి. ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌లో సీజీన్యాట్ (చాలామందికి కలిపి ఒకే పబ్లిక్ ఐపీ) వెనుక ఉన్న సర్వర్‌కు, వైల్డ్‌కార్డ్ (అన్ని సబ్‌డొమైన్లకూ ఒకే సర్టిఫికెట్) కావాలన్నవాళ్లకు డీఎన్‌ఎస్ రికార్డుతో నిరూపించే డీఎన్‌ఎస్-01 ఒక్కటే దారి. దానికిచ్చే ఏపీఐ టోకెన్‌కు ఆ ఒక్క జోన్ మీదే హక్కు ఉండాలి, టోకెన్ ఆన్సిబుల్ వాల్ట్‌లో (రహస్యాలను ఎన్‌క్రిప్ట్ చేసి దాచే చోటు) ఉండాలి. ప్రైవేట్ కీని కాపీ చేసే టాస్క్‌కు నో_లాగ్ పెట్టండి. అది లేకుండా, ఫైళ్లలో మార్పులను చూపించే డిఫ్ మోడ్‌లో రన్ చేస్తే కీ మొత్తం తెరమీద, సీఐ లాగులో అచ్చయిపోతుంది.

సర్టిఫికెట్ దారి ఇచ్చేటప్పుడు సర్ట్.పెమ్ కాదు, నడిమి సర్టిఫికెట్ కూడా కలిసి ఉన్న ఫుల్‌చైన్.పెమ్ ఇవ్వండి. నడిమి సర్టిఫికెట్ లేకపోయినా డెస్క్‌టాప్ బ్రౌజర్ చాలాసార్లు ఎక్కడి నుంచో తెచ్చుకుని సర్దుకుంటుంది. ఆండ్రాయిడ్ యాప్ సర్దుకోదు. ‘బ్రౌజర్‌లో తెరుచుకుంటోంది, ఫోన్‌లో రావట్లేదు’ అని ఎవరైనా అంటే ముందు ఇదే చూడండి.

అందరూ మరిచిపోయేది కోటర్న్ అనే కాల్స్ సర్వర్. వాయిస్, వీడియో కాల్స్‌కు అది 5349 పోర్టులో అదే సర్టిఫికెట్ వాడుతుంది. కానీ నడిచేది రూట్‌గా కాదు, టర్న్‌సర్వర్ యూజర్‌గా. సర్ట్‌బాట్ కీ ఫైలు రూట్‌కు మాత్రమే తెరుచుకుంటుంది. మొత్తం ఫోల్డర్‌ను 755 చేసి వదిలేయకండి. డిప్లాయ్ హుక్‌లోనే కీని కోటర్న్ ఫోల్డర్‌కు కాపీ చేసి, యజమానిని మార్చి, 600 పెట్టి, ఆ తర్వాత సర్వీస్ రీస్టార్ట్ చేయండి. రీస్టార్ట్‌తో నడుస్తున్న కాల్స్ తెగుతాయి కనుక దాన్ని మాత్రం తెల్లవారుజామున జరిగేలా వేరే టైమర్‌తో పెట్టండి.

గడువు దగ్గరపడిందని వచ్చే ఈమెయిళ్లను లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2025 జూన్‌లో ఆపేసింది. కాపలా మీరే పెట్టుకోవాలి. డిస్కు మీది ఫైలును చూసి తృప్తి పడకండి. వేరే మెషీన్ నుంచి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో 443, 8448, 5349 పోర్టులు మూడింటికీ కనెక్ట్ అయి, అక్కడ వచ్చిన సర్టిఫికెట్‌ను చెక్‌ఎండ్ 1209600తో పరీక్షించండి. అది సెకన్లలో 14 రోజులు. దాటకపోతే అలర్ట్ రావాలి. ప్లేబుక్‌లో ‘60 రోజులకోసారి’ అని క్రాన్ (నిర్ణీత వేళకు నడిచే పని) రాసి ఉంటే ఇప్పుడే తీసేయండి. 2028 నాటికి లెట్స్ ఎన్‌క్రిప్ట్ గడువును 45 రోజులకు తగ్గించబోతోంది, అప్పుడు ఆ క్రాన్ నడిచేలోపే సర్టిఫికెట్ చచ్చిపోతుంది. రోజుకు రెండుసార్లు నడిచే టైమర్ పెట్టి, ఎప్పుడు మార్చాలో సర్ట్‌బాట్‌కే వదిలేయండి.