రెండు సిస్టమ్‌లకు ఒకటే మానిటరా? ముందు దాని వెనక ఏముందో చూడండి

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అంటే మనమంతా సీటీసీ అని పిలిచే బిల్డింగులో, సామాను కొని ఇళ్లకు వెళ్లి బిగించి రావడం నా పని. ఇంటి నుంచి ఆఫీసు పని చేసేవాళ్లు పెరిగినప్పటి నుంచి నాకు ఎక్కువగా వచ్చే ఫోను ఒకటే. "అన్నా, ఆఫీసు ల్యాప్‌టాప్ ఉంది, ఇంట్లో సిస్టమ్ ఉంది. టేబుల్ మీద ఇంకో మానిటర్‌కి చోటు లేదు. రెంటికీ ఒకటే మానిటరు, కీబోర్డు, మౌసు సెట్ చేస్తావా?" చేయొచ్చు. అయితే ఫోన్ చేసే పాటికే చాలామంది ఏ కేవీఎం స్విచ్ (ఒకే కీబోర్డు, మానిటరు, మౌసుని రెండు కంప్యూటర్ల మధ్య మార్చే డబ్బా) కొనాలో చూసి పెట్టుకుని ఉంటారు. నేను మాత్రం, ముందు మీ మానిటర్ వెనక వైపు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపండి అంటాను.

ఎందుకంటే ఇందులో రెండు వేరువేరు పనులున్నాయి. కీబోర్డు, మౌసు పంపే సమాచారం చాలా కొంచెం. దాన్ని ఒక సిస్టమ్ నుంచి ఇంకోదానికి మళ్లించడం చవకలో అయిపోతుంది. డిస్‌ప్లే సంగతి అలా కాదు. 4కే మానిటర్ మీద 60 హెర్ట్‌జ్‌లో, అంటే సెకనుకు 60 సార్లు మారుతూ, బొమ్మ సరిగా రావాలంటే హెచ్‌డీఎంఐ అనే డిస్‌ప్లే కేబుల్ రకంలో అయితే కనీసం 2.0 కావాలి. దాని సామర్థ్యం సెకనుకు 18 గిగాబిట్లు. అంత వేగంగా వచ్చే సిగ్నల్‌ని మధ్యలో ఒక డబ్బాలోంచి పాడవకుండా దాటించాలి కాబట్టే మంచి కేవీఎం స్విచ్‌లకు ధర ఎక్కువ. మీ మానిటర్‌కే రెండు ఇన్‌పుట్‌లు ఉంటే ఆ పని మానిటరే చేసి పెడుతుంది. దానికి మళ్లీ డబ్బు పెట్టడం నాకు నచ్చదు.

మానిటర్ వెనక ఒక హెచ్‌డీఎంఐ, ఒక డిస్‌ప్లేపోర్ట్ (హెచ్‌డీఎంఐ లాంటిదే ఇంకో రకం) కనిపించాయంటే మీ పని తేలిక. డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ ఇంటి సిస్టమ్‌కి పెట్టండి, హెచ్‌డీఎంఐ ల్యాప్‌టాప్‌కి వదలండి. సిస్టమ్‌లో గ్రాఫిక్స్ కార్డు ఉంటే కేబుల్ ఆ కార్డుకే పెట్టాలి, పైన మదర్‌బోర్డుకున్న పోర్టుకి కాదు. ల్యాప్‌టాప్‌కి హెచ్‌డీఎంఐ లేక టైప్-సీ ఒక్కటే ఉంటే, ఆ పోర్టు పక్కన డిస్‌ప్లేపోర్ట్ గుర్తు గానీ థండర్‌బోల్ట్ మెరుపు గుర్తు గానీ ఉందేమో చూడండి. అన్ని టైప్-సీ పోర్టులూ డిస్‌ప్లే ఇవ్వవు, కొన్ని ఛార్జింగుకీ డేటాకీ మాత్రమే. గుర్తు లేకపోతే మోడల్ నంబరు పెట్టి కంపెనీ సైట్‌లో చూసుకుని, ఆ తర్వాతే కన్వర్టర్ కొనండి. కన్వర్టర్ ఎటు నుంచి ఎటు పని చేస్తుందో కూడా అడగండి. డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్లే చిన్న కన్వర్టర్ తిప్పి పెడితే పని చేయదు. హెచ్‌డీఎంఐ నుంచి డిస్‌ప్లేపోర్ట్‌కి వెళ్లాలంటే వేరే యాక్టివ్ కన్వర్టర్ (లోపల సిగ్నల్‌ని మార్చే చిప్ ఉన్నది) కావాలి.

ఇక కీబోర్డు, మౌసులకు యూఎస్‌బీ షేరింగ్ స్విచ్ అని దొరుకుతుంది. కేవీఎం కంటే చాలా చవక. దాని నుంచి ఒక వైరు సిస్టమ్‌కి, ఒక వైరు ల్యాప్‌టాప్‌కి వెళ్తుంది. కీబోర్డు, మౌసు దానికే గుచ్చాలి. పైన బటన్ నొక్కితే రెండూ అటు నుంచి ఇటు మారతాయి. డ్రైవర్లు అక్కర్లేదు, ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించే వీలు లేనివాళ్లకు ఇదే పెద్ద సుఖం.

ఇలా పెట్టుకుంటే మారిన ప్రతిసారీ రెండు బటన్లు నొక్కాలి: యూఎస్‌బీ స్విచ్‌ది ఒకటి, మానిటర్ ఇన్‌పుట్‌ది ఒకటి. పొద్దున ఆఫీసు పని, సాయంత్రం సొంత పని అనుకునేవాళ్లకు అది లెక్కలోకి రాదు. మానిటర్ మెనూలో ఆటో ఇన్‌పుట్ అనేది మాత్రం ఆఫ్ చేయండి. లేకపోతే ల్యాప్‌టాప్ కాసేపు నిద్రపోగానే స్క్రీను దానంతటదే అవతలి సిస్టమ్‌కి దూకుతుంది.

రెండో బటన్ కూడా వద్దనుకునేవాళ్లకు ఒక దారుంది, నాకు చాలా ఇష్టమైనది. చాలా మానిటర్ల మెనూలో డీడీసీ/సీఐ అని ఒకటి ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే ఇన్‌పుట్ మార్చమని కంప్యూటరే కేబుల్ ద్వారా మానిటర్‌కి చెప్పగలదు. డిస్‌ప్లే-స్విచ్ అనే ఉచిత ప్రోగ్రాం కీబోర్డు ఎప్పుడు వచ్చి తగులుతుందో కనిపెట్టి, అది తగలగానే మానిటర్‌ని తన వైపు తిప్పుకుంటుంది. దాన్ని రెండు కంప్యూటర్లలోనూ పెట్టడం మేలు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో పెట్టనివ్వకపోతే ఇంటి సిస్టమ్‌లో ఒక్కదాంట్లోనే పెట్టి, కీబోర్డు ఊడినప్పుడు మానిటర్‌ని అవతలికి పంపేలా రాసుకోవచ్చు. అప్పుడు ల్యాప్‌టాప్ ముందే మేలుకుని డిస్‌ప్లే ఇస్తూ ఉండాలి, లేదంటే కొన్ని మానిటర్లు వెనక్కి వచ్చేస్తాయి. లైనక్స్ వాళ్లకు డీడీసీయుటిల్ అనే ప్రోగ్రాం ఉండనే ఉంది.

మరి కేవీఎం ఎవరికి కావాలి? మానిటర్‌కి పనికొచ్చే ఇన్‌పుట్ ఒక్కటే ఉన్నవాళ్లకు, రెండు మానిటర్లను కలిపి ఒక్కసారే మార్చాలనుకునేవాళ్లకు, గంటలో పదిసార్లు అటూ ఇటూ తిరిగేవాళ్లకు. వీళ్లు కొనాల్సిందే, కొనేటప్పుడు తక్కువ ధర చూసి తొందరపడకూడదు. డబ్బా మీద పెద్దక్షరాల్లో 4కే అని ఉంటుంది. దాని పక్కన 30 హెర్ట్‌జా, 60 హెర్ట్‌జా అన్నది వెతికి చదవండి. హెచ్‌డీఎంఐ 1.4 తో చేసిన స్విచ్‌లో 4కే 30 దగ్గరే ఆగిపోతుంది. మౌసు జరిపితే బాణం గుర్తు వెనకబడి ఈడ్చుకుంటూ వస్తుంది. రోజంతా ఎక్సెల్ చూసేవాళ్లకు అది కళ్లకు శిక్ష. మియాపూర్‌లో ఒకాయన మానిటర్ పాడైందని పిలిస్తే వెళ్లి చూశాను. మానిటర్ నిక్షేపంగా ఉంది, మధ్యలో స్విచ్ పాతరకం. మీ మానిటర్ మామూలు ఫుల్ హెచ్‌డీ, 60 హెర్ట్‌జ్ అయితే ఈ బెంగ లేదు, సాధారణ స్విచ్ సరిపోతుంది.

ఇంకో మాట అడగాలి: ఈడీఐడీ ఎమ్యులేషన్ ఉందా అని. మానిటర్ తన సైజు, తన హెర్ట్‌జ్ ఎంతో కంప్యూటర్‌కి చెప్పుకునే చిట్టీ పేరు ఈడీఐడీ. చవక స్విచ్‌లో ఇటు నుంచి అటు మార్చగానే ఆ చిట్టీ ఆగిపోతుంది, కంప్యూటర్ మానిటర్ పీకేశారనుకుంటుంది. తిరిగి వచ్చి చూస్తే తెరిచి పెట్టుకున్న విండోలన్నీ చెల్లాచెదురై, ల్యాప్‌టాప్ చిన్న స్క్రీన్ మీద కుక్కి ఉంటాయి. ఎమ్యులేషన్ ఉన్న స్విచ్ ఆ చిట్టీని తానే చూపిస్తూ ఉంటుంది. అది లేని స్విచ్ ఇప్పటికే కొనేసి ఉంటే, విండోస్ 11 లో సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, మల్టిపుల్ డిస్‌ప్లేస్ దాకా వెళ్లి, విండోల స్థానాలు గుర్తుపెట్టుకోమనే టిక్ పెట్టండి. చాలావరకు సర్దుకుంటుంది.

స్క్రోల్ లాక్ రెండుసార్లు నొక్కి మార్చే షార్ట్‌కట్ చాలా కేవీఎంలకు ఉంటుంది. మీ కీబోర్డుకి స్క్రోల్ లాక్ ఉందో లేదో చూసుకోండి. చిన్న కీబోర్డులకు ఉండదు. ఆ షార్ట్‌కట్ పని చేయాలంటే కీబోర్డుని, స్విచ్ మీద కీబోర్డు బొమ్మ వేసిన పోర్టులోనే పెట్టాలి.

కొత్తగా మానిటరే కొనబోతున్నారా? కేవీఎం లోపలే ఉన్న మోడళ్లు వస్తున్నాయి. ల్యాప్‌టాప్‌కి ఒక్క టైప్-సీ వైరు, సిస్టమ్‌కి ఒక డిస్‌ప్లే కేబుల్, ఒక యూఎస్‌బీ వైరు, అంతే. బడ్జెట్ ఉంటే నా ఓటు దానికే.

సాఫ్ట్‌వేర్‌తో కుదరదా అని కుర్రాళ్లు అడుగుతారు. మైక్రోసాఫ్ట్ పవర్‌టాయ్స్‌లో మౌస్ వితౌట్ బార్డర్స్ ఉంది. ఉచితం, నాలుగు విండోస్ కంప్యూటర్ల దాకా ఒకే కీబోర్డు, మౌసుతో నడపొచ్చు. మ్యాక్, లైనక్స్ కలిసి ఉంటే ఇన్‌పుట్ లీప్ ఉంది. కానీ ఇవి మానిటర్‌ని పంచవు. ఎవరి స్క్రీను వాళ్లకు ఉన్నప్పుడు, మౌసు ఒక స్క్రీను అంచు దాటి పక్కదాంట్లోకి వెళ్లడానికే ఇవి. పైగా రెండు కంప్యూటర్లూ ఒకే నెట్‌వర్క్‌లో ఉండాలి. ఆఫీసు వీపీఎన్ ఆన్ కాగానే ఆ దారి మూసుకుపోవచ్చు. రెండూ మీ సొంతవైతే హాయిగా వాడండి.

వైర్‌లెస్ మౌసు డాంగిల్ (మౌసుతో వచ్చే, యూఎస్‌బీలో గుచ్చే చిన్న ముక్క) గురించి తప్పక చెప్పాలి. యూఎస్‌బీ 3.0 పోర్టులు, వైర్ల నుంచి వచ్చే రేడియో అలజడి 2.4 గిగాహెర్ట్‌జ్ పరిధిలోకి వస్తుంది. మౌసు డాంగిల్ నడిచేదీ అక్కడే. రెండూ పక్కపక్కన ఉంటే మౌసు ఆగి ఆగి కదులుతుంది. డాంగిల్‌ని యూఎస్‌బీ 2.0 పోర్టుకి మార్చండి, లేదా చిన్న ఎక్స్‌టెన్షన్ వైరుతో టేబుల్ మీదికి తీసుకురండి.

స్విచ్‌లో ఇంకా పోర్టులు ఖాళీగా కనిపించినా పెన్ డ్రైవ్, హార్డ్ డిస్క్ వాటికి పెట్టొద్దు. బటన్ నొక్కగానే డ్రైవ్‌ని సగంలో పీకేసినట్టే అవుతుంది. ఫైళ్లు కాపీ అవుతూ ఉంటే పాడవుతాయి. పొరపాటున అదే డ్రైవ్ ఆఫీసు ల్యాప్‌టాప్‌కి తగిలిందంటే అక్కడ సెక్యూరిటీ వాళ్లకు మీరు జవాబు చెప్పుకోవాలి. వెబ్‌క్యామ్, హెడ్‌సెట్ కూడా నేరుగా ల్యాప్‌టాప్‌కే ఉంచండి. మీటింగ్ మధ్యలో కీబోర్డు అటు తిప్పినా మీ గొంతు ఆగదు.

ల్యాప్‌టాప్ మూసి పక్కన పెట్టుకోవాలంటే కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లో, మూత మూస్తే ఏమీ చేయకు అని పెట్టాలి. మే నెల ఎండల్లో మాత్రం దాన్ని గోడకు ఆనించకండి, గాలి తగిలేలా స్టాండ్ మీద నిలబెట్టండి. కరెంటు పోతే మానిటరు, సిస్టమ్, స్విచ్ కలిసి నిలబడాలి కాబట్టి అడాప్టర్ ఉన్న స్విచ్ అయితే దాన్ని కూడా యూపీఎస్‌కే పెట్టండి.

అంతా బిగించాక సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేకి వెళ్లి రిఫ్రెష్ రేట్ 60 చూపిస్తోందా అన్నది రెండు సిస్టమ్‌ల మీదా చూడండి. 30 అని వస్తే ముందు కేబుల్ మార్చి చూడండి. కేబుళ్లు మీటరు, మీటరున్నర మించకుండా ఉంటేనే మంచిది, ఎందుకంటే స్విచ్‌కి అటు ఒకటి ఇటు ఒకటి కలిపి పొడవు పెరుగుతుంది. ఆ తర్వాత సిస్టమ్ పూర్తిగా ఆపి మళ్లీ ఆన్ చేసి, డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కి బయోస్‌లోకి, అంటే విండోస్ రాకముందే తెరుచుకునే సెట్టింగులలోకి, వెళ్లగలుగుతున్నారా చూసుకోండి. కొన్ని స్విచ్‌లలో విండోస్ వచ్చేదాకా కీబోర్డు మేలుకోదు. మీది అలాంటిదైతే పాత వైరు కీబోర్డు పారేయకుండా బీరువా మీద ఉంచండి, సిస్టమ్ మొరాయించిన రోజు నేరుగా దానికే గుచ్చి బయోస్‌లోకి వెళ్లొచ్చు.