లాన్ మట్టిలో పీహెచ్ ఎలా తగ్గించాలి?

ఎరువు ఎంత వేసినా గడ్డి పచ్చబడక, లేత ఆకుల్లో ఈనెలు మాత్రమే పచ్చగా మిగిలి మధ్యభాగం పాలిపోతోందా? అయితే నేల పీహెచ్ (మట్టి ఆమ్లమో క్షారమో చెప్పే కొలత, 7 దాటితే క్షారం) ఎక్కువై ఉండొచ్చు. 7.5 దాటిందంటే మట్టిలో ఇనుము ఉన్నా వేళ్ళు తీసుకోలేవు. హైదరాబాద్‌లో కొత్త ఇళ్ళ ముందు ఇది మామూలే. కట్టుబడిలో మిగిలిన సిమెంటు, సున్నం పెళ్ళల మీదే మట్టి పోసి గడ్డి పరుస్తారు, ఆపైన బోరు నీళ్ళు పెడతారు.

ముందు భూసార పరీక్ష చేయించండి. లాన్‌లో ఎనిమిది పది చోట్ల అర అడుగు లోతు వరకు మట్టి తీసి, కలిపి, నీడన ఆరబెట్టి, అరకిలో పంపితే చాలు. గరిక జాతి గడ్డి అయితే 7.5 వరకు బాగానే పెరుగుతుంది. అంతలోపు ఉంటే ఏమీ వేయకండి.

తర్వాత ఎండిన మట్టి ఒక చెంచా తీసుకుని దానిమీద వెనిగర్ చుక్కలు వేయండి. బుసబుసమని పొంగితే మట్టిలో సున్నం ఉన్నట్టే. నన్నడిగితే ఈ పరీక్షే అన్నిటికన్నా ముఖ్యం. సున్నం నూటికి ఒక్క పాలే ఉందనుకున్నా, చదరపు మీటరు మేర అర అడుగు లోతు మట్టిలో అది సుమారు 2 కిలోలు. పీహెచ్ తగ్గించడానికి వేసేది గంధకం; ఆ సున్నాన్ని విరిచేయడానికే అది 600 గ్రాములకు పైగా కావాలి. గడ్డి ఒక విడతకు తట్టుకునేది 20 గ్రాములు! అలాంటి నేలలో పీహెచ్ సంగతి వదిలేసి ఇనుము అందించండి. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. పది రోజులకు మరోసారి. గచ్చు మీద పడితే తుప్పు మరక పోదు, జాగ్రత్త.

పొంగకపోతే గంధకం పనిచేస్తుంది. దాన్ని ఆమ్లంగా మార్చేది మట్టిలోని బాక్టీరియా. వాటికి తడీ వెచ్చదనమూ కావాలి కనుక తొలకరి తర్వాత మొదలుపెట్టండి. ఫోర్క్‌తో మూడు నాలుగు అంగుళాల లోతు రంధ్రాలు పొడవండి. ఆకులు పొడిగా ఉన్నప్పుడు 100 చదరపు అడుగులకు 200 గ్రాముల గంధకం గుళికలు సమంగా చల్లి, పైన పలుచగా చివికిన కంపోస్టు వేసి, వెంటనే నీళ్ళు పెట్టండి. పొడి గంధకమైతే ముక్కుకు గుడ్డ కట్టుకోండి. ఎండలు మండే రోజుల్లో చల్లితే గడ్డి మాడుతుంది.

ఇకమీదట యూరియా బదులు అమ్మోనియం సల్ఫేట్ వాడండి, అదీ మట్టిని నెమ్మదిగా ఆమ్లం వైపు తీసుకెళ్తుంది. పొయ్యి బూడిద లాన్‌లో పోయొద్దు. జిప్సం చౌడు నేలకు మందే గానీ సున్నపు నేలలో పీహెచ్ తగ్గించదు.

బకెట్ అంచున తెల్లటి పొర కట్టే బోరు నీళ్ళయితే పీహెచ్ మళ్ళీ పైకి లాగుతాయి, వీలైనంత వాన నీరు పట్టి వాడండి. మూడు నాలుగు నెలలకు అదే లోతు మట్టి మళ్ళీ పరీక్షించి, 7.5కు దిగకపోతేనే రెండో విడత గంధకం వేయండి.