అమెరికాలో కారు గేర్ స్విచ్ పాడైతే: విశాఖ నుంచి వెళ్లేవారికి

విశాఖలో కారుకి ఏం వచ్చినా గాజువాక ఆటోనగర్ ఉంది. అంత దూరం వెళ్లే ఓపిక లేకపోతే కంచరపాలెం వైపు తెలిసిన మెకానిక్ ఎవరో ఒకరు ఉంటారు. ఫోన్ చేస్తే బండి మీద కుర్రాణ్ణి పంపిస్తారు. వాడు పాత స్విచ్చే విప్పి, గీకి, పని చేయించి వెళ్లిపోతాడు. అమెరికాలో ఆ కుర్రాడు దొరకడు. షాపుల్లో పనికి గంటల లెక్కన తీసుకుంటారు, గంటకి వంద డాలర్లు దాటడం మామూలే. పైగా చిన్న స్విచ్ ఒక్కటే మార్చే ఓపిక చాలా షాపులకి ఉండదు, గేర్ లివర్ అసెంబ్లీ మొత్తం మార్చాలంటారు. అక్కడున్న రోజుల్లో నాకు ఒక షాపువాళ్లు చేతిలో పెట్టిన ఎస్టిమేట్ ఆ నెల సరుకుల ఖర్చు కంటే ఎక్కువ. పాడైంది కొద్ది డాలర్ల మైక్రోస్విచ్.

ఎంవీపీ కాలనీలో మా వీధి పిల్లలు ఫ్లైట్ ఎక్కేముందు వచ్చి కుక్కర్ గురించి, పచ్చళ్ల బరువు గురించి అడుగుతారు. కారు గురించి ఎవరూ అడగరు. వెళ్లిన కొన్నాళ్లకే సీనియర్ దగ్గర పాత ఆటోమేటిక్ కారు కొంటారు, అప్పుడు మొదలవుతుంది టెన్షన్.

ఆటోమేటిక్‌లో లివర్ మీద పీ, ఆర్, ఎన్, డీ అని ఉంటాయి. పీ అంటే పార్క్, ఆర్ అంటే రివర్స్, ఎన్ న్యూట్రల్, డీ డ్రైవ్. లివర్ పీ లోకి వచ్చిందని కారు కంప్యూటర్‌కి చెప్పేది, చాలా మోడళ్లలో, లివర్ అడుగున ఉండే వేలి గోరంత స్విచ్. బీచ్ రోడ్డు ఇళ్లలో ఉప్పుగాలికి స్విచ్ బోర్డులు మొరాయిస్తాయి చూడండి, రెండుసార్లు నొక్కితే గానీ లైటు వెలగదు, ఇదీ అలాగే లోపల కాంటాక్ట్ సరిగా కలవక మొరాయిస్తుంది. మీరు లివర్ పీ లోనే పెట్టి ఇంజిన్ ఆపే బటన్ నొక్కినా డ్యాష్‌బోర్డు మీద ‘షిఫ్ట్ టు పార్క్’ అని వస్తుంది, కారు పూర్తిగా ఆఫ్ కాదు. అలా వదిలేసి వెళ్తే తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ. షెవర్లే మాలిబు, జీఎంసీ అకాడియా లాంటి జనరల్ మోటార్స్ కార్లలో, 2016 తర్వాతి కొన్ని మోడళ్లలో, ఈ ఫిర్యాదు బాగా వినిపిస్తుంది. లివర్‌ని ముందుకు గట్టిగా నొక్కి పట్టుకుంటే ఒక్కోసారి ఆఫ్ అవుతుంది. అలా అయితే అనుమానం స్విచ్ మీదే.

లివర్ పీ లోంచి అసలు కదలకపోవడం వేరే జబ్బు. 2010 సెప్టెంబర్ 1 తర్వాత తయారైన కార్లలో బ్రేక్ తొక్కితేనే లివర్ పీ దాటాలని అక్కడి నిబంధన. కాబట్టి ముందు బ్రేక్ తొక్కి, వెనక లైట్లు వెలుగుతున్నాయో లేదో రూమ్మేట్‌ని చూడమనండి. వెలగకపోతే ఫ్యూజు, ఆ తర్వాత పెడల్ పైన ఉండే బ్రేక్ స్విచ్ చూసుకోవాలి, అది మార్చడం ఇంకా సులువు. ఇక పీ లో స్టార్ట్ కాకుండా ఎన్ లో స్టార్ట్ అవుతోందా, రివర్స్ లైట్లు వెలగట్లేదా, కారు లోపాల కోడ్లు చదివే స్కానర్‌లో పీ0705 అని వచ్చిందా? అయితే తేడా గేర్‌బాక్స్ మీదుండి ఏ గేర్‌లో ఉందో చెప్పే రేంజ్ సెన్సర్ వైపు ఉండొచ్చు. దాన్ని కొలత ప్రకారం బిగించాలి, మెకానిక్‌కి వదిలేయండి.

పని మొదలుపెట్టే ముందు కారు వీఐఎన్, అంటే 17 అక్షరాలూ అంకెలూ ఉండే నంబరు, ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (రోడ్డు భద్రత చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ) సైట్‌లో కొట్టి చూడండి. మీ కారు మీద రీకాల్ ఉంటే, అంటే లోపం ఉందని కంపెనీయే వెనక్కి పిలిచి ఉంటే, ఆ పిలుపు వచ్చేనాటికి కారు మొదటిసారి అమ్మి 15 ఏళ్లు దాటకపోతే, డీలర్ ఉచితంగా చేయాలి. సెకండ్‌హ్యాండ్ అన్నా సరే. సొంతంగా పార్ట్ మార్చుకున్నారని మొత్తం వారంటీ రద్దు చేయడం 1975 నాటి చట్టం ప్రకారం కుదరదు. అలాగే మీ లీజ్ కాగితం ఒకసారి చదవండి, చాలా అపార్ట్‌మెంట్లలో పార్కింగ్‌లో కారు రిపేరు చేయనివ్వరు. మన వీధిలో బోనెట్ ఎత్తితే నలుగురు వచ్చి సలహా ఇస్తారు, అక్కడ నోటీసు ఇస్తారు.

పనిముట్లు పెద్దగా అక్కర్లేదు. ప్లాస్టిక్ ట్రిమ్ టూల్, 10 ఎంఎం సాకెట్, నక్షత్రం తలున్న స్క్రూలకి టార్క్స్ బిట్లు, మల్టీమీటర్. ఆటోజోన్ లాంటి చోట్ల కొన్ని టూల్స్ డిపాజిట్ తీసుకుని అరువిస్తారు, తిరిగిస్తే డబ్బు వెనక్కి వస్తుంది.

చదునైన చోట ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాల కింద దిమ్మలు పెట్టండి. బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి కొన్ని నిమిషాలు ఆగండి. పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే అవి సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌వి, ముట్టుకోవద్దు. లివర్ చుట్టూ ఉన్న తోలు తొడుగునీ, ప్లాస్టిక్ ఫ్రేమునీ ట్రిమ్ టూల్‌తో ఒక మూల నుంచి మెల్లగా లేపాలి. టక్‌మని ఒక్కో క్లిప్పూ వదులుతుంది. మిషిగన్ లాంటి చోట చలికాలంలో ఈ పని పెట్టుకోకండి, చలికి ప్లాస్టిక్ పెళుసెక్కి క్లిప్పులు విరుగుతాయి. తప్పదంటే ముందు కాసేపు హీటర్ వేసి కారు లోపల వెచ్చబడనివ్వండి. అడుగడుగునా ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

లివర్ పక్కన చిన్న స్విచ్, దానికి రెండు వైర్లు కనిపిస్తాయి. కనెక్టర్ తీసి మల్టీమీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టండి. లివర్ పీ లో ఉన్నప్పటికీ, పీ దాటినప్పటికీ మధ్య మీటర్ చెప్పేది మారాలి. ఎటు తిప్పినా ఒకేలా ఉంటే స్విచ్ పోయినట్టే. బ్యాటరీ విప్పేశాం కనక బ్రేక్ తొక్కినా లివర్ కదలదు. చాలా కార్లలో లివర్ పక్కన చిన్న మూత కింద లివర్ తాళం వదిలించే షిఫ్ట్ లాక్ రిలీజ్ ఉంటుంది, దాన్ని స్క్రూడ్రైవర్‌తో నొక్కి కదపండి. కొన్ని కార్లలో స్విచ్ విడిగా ఊడుతుంది, కొన్నిటికి టంకం వేయాలి. విడిగా దొరక్కపోతే పాత కార్ల భాగాలు అమ్మే జంక్‌యార్డ్‌లో అదే మోడల్, అదే సంవత్సరం కారు అసెంబ్లీ వెతకడం మేలు.

యూట్యూబ్‌లో ఆ రెండు వైర్లూ కలిపేయమని చెప్పేవాళ్లుంటారు. మన బుర్ర కూడా వెంటనే అటే పోతుంది. చేయకండి. అప్పుడు లివర్ ఎక్కడున్నా పీ లో ఉందనే కారు నమ్ముతుంది. డీ లో మర్చిపోయి దిగినా హెచ్చరించదు. సింహాచలం ఘాట్‌లో మన మాన్యువల్ కారుని ఫస్ట్ గేర్‌లో ఆపితే ఇంజిన్ పట్టుకుంటుంది. ఆటోమేటిక్‌లో ఇంజిన్ ఆపాక డీ దేన్నీ పట్టుకోదు, పార్క్ ఒక్కటే చక్రాలకి తాళం వేస్తుంది. పీ లో పడిందనుకుని డ్రైవర్లు దిగిపోతే కార్లు దొర్లిపోయాయన్న ఫిర్యాదుల మీదే ఫియట్ క్రైస్లర్ 2016లో జీప్ గ్రాండ్ చెరోకీ సహా దాదాపు 11 లక్షల వాహనాలను వెనక్కి పిలిచింది.

అంతా బిగించాక కాలు బ్రేక్ మీదే ఉంచి చూడండి. పీ లో, ఎన్ లో మాత్రమే స్టార్ట్ కావాలి. ఆర్ లో, డీ లో స్టార్ట్ అయితే ఎక్కడో తేడా ఉంది, రోడ్డెక్కొద్దు. పీ లో పెట్టి ఆఫ్ చేస్తే డ్యాష్‌బోర్డు పూర్తిగా ఆరిపోవాలి, డోర్లు లాక్ కావాలి.

మీకు ఈ పని వచ్చని తెలిస్తే రెండో వారానికే ఇంకో తెలుగు కుర్రాడు ఫోన్ చేస్తాడు, “అన్నా, నాదీ ఆఫ్ అవట్లేదు” అని. వెళ్లి సాయం చేయండి, వాళ్లింట్లో భోంచేయండి. కానీ ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా మీద ఉంటే డబ్బు మాత్రం తీసుకోకండి, అనుమతి లేని పని కింద లెక్కేస్తే వీసా స్టేటస్‌కే ఎసరు.