ఎల్క్ (పెద్ద జాతి దుప్పి) వేటకు ముందు ప్రాక్టీస్ రోజు: జాగ్రత్తలు

అమెరికాలోని కొలరాడోలో రైఫిల్‌తో వేటాడే సీజన్ దగ్గరపడింది. బెంచీ మీద తీరిగ్గా కాల్చడం వేరు, కొండెక్కి ఆయాసపడుతూ కాల్చడం వేరు. రెండోదానికే ఈ ప్రాక్టీస్.

- గుళ్లను ఆపే పెద్ద మట్టి దిబ్బ ఉన్న చోటే ఎంచుకోండి. ఎండుగడ్డి ఉంటే నీళ్లు, పార దగ్గరుంచండి.
- హెచ్-1బీ వీసా మీద ఉన్న మనవాళ్లు వస్తుంటే ముందే అడగండి: హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపు లేకుండా వాళ్లు తుపాకి ముట్టుకోవడానికి ఫెడరల్ చట్టం ఒప్పుకోదు.
- "ఆపు" అని ఎవరు అరిచినా అందరూ ఆగాలి. చిన్నపిల్లాడు అరిచినా సరే.
- ఏ రైఫిల్ తూటాలు ఆ రైఫిల్ పక్కనే. కలిపేయకండి.
- అసలు ప్రమాదం పరుగెత్తి వచ్చి కాల్చేటప్పుడే. పరుగు ఖాళీ చేతులతోనే. రైఫిల్ మాత్రం బోల్టు తెరిచి, చాంబర్ (తూటా కూర్చునే చోటు) ఖాళీగా, గొట్టం దిబ్బవైపు ఉండేలా చాప మీదే ఉండాలి. తిరిగొచ్చి, మోకాలి మీద కూర్చుని, వేలు ట్రిగ్గర్‌కు దూరంగా ఉంచి లోడ్ చేసి, ఒక్కటే తూటా. భోజనం ప్లేటంత గుర్తు తప్పితే, ఆ దూరం మీకు ఇంకా రాలేదన్నమాట.
- చల్లటి గొట్టంతో కాల్చిన మొదటి గుండు ఎక్కడ పడిందో రాసుకోండి. అడవిలో దొరికేది ఆ ఒక్క ఛాన్సే.
- చెవులకు, కళ్లకు రక్షణ చూసేవాళ్లకూ ఉండాలి. ఫస్ట్ ఎయిడ్‌లో రక్తం ఆపే టూర్నికే తప్పనిసరి.
- సీజన్‌లో నడుము పైన 500 చదరపు అంగుళాల మెరిసే ఆరెంజ్ లేదా పింక్, అదే రంగు టోపీ ఉండాలి. ఇప్పుడే వేసుకుని కాల్చండి. మందపాటి జాకెట్ మీద రైఫిల్ భుజానికి వేరేలా ఆనుతుంది.