ఇంటి ఈతకొలనును మళ్లీ తెరిచే ముందు

వేసవి దగ్గర పడుతోంది. నెలల తరబడి మూసి ఉంచిన కొలనులోకి ఎవరైనా దిగకముందే ఇవి చూసుకోండి.

• అడుగున నీటిని లాగే రంధ్రం మీది మూత పగిలినా, వదులైనా కొత్తది బిగించేదాకా ఎవరినీ దిగనివ్వకండి. పిల్లల జుట్టు అక్కడ చిక్కుకుంటే, పంపు లాగే బలానికి పెద్దవాళ్లు కూడా విడిపించలేకపోవచ్చు. పంపు ఆపే స్విచ్ ఎక్కడుందో ఇంట్లో అందరికీ చూపించండి.

• రెండు రకాల క్లోరిన్‌ను కలపకండి. రెండింటికీ ఒకే గరిట వాడినా ప్రమాదమే. మంటలు, విషవాయువు పుట్టవచ్చు. మందును నీళ్లలో వేయాలి, మందు మీద నీళ్లు పోయకూడదు.

• శుభ్రం చేయడానికి నీళ్లన్నీ తోడేయాలనిపిస్తుంది. తొందరపడకండి. భూగర్భజలం పైకి ఉంటే ఖాళీ కొలనును కింది నుంచి ఎత్తి పగలగొడుతుంది.

• నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాన్ని తెలిపే కొలత) 7.2, 7.8 మధ్యకు తెచ్చాకే క్లోరిన్ వేయండి. పీహెచ్ పెరిగితే క్లోరిన్ శక్తి తగ్గుతుంది.

• వేడినీటి తొట్టి 40 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు. గర్భిణులు, గుండె జబ్బు ఉన్నవారు వైద్యుణ్ని అడిగాకే దిగాలి.